ముందొచ్చినవాళ్ళ కార్డు

ఆ మెయిలు తెరిచింది ఎస్తేరు కాదు. తెరిచింది ఆమేనని మా ఆసుపత్రి రాసింది. ఆ రాత ముందు లండన్ వెళ్ళింది. అక్కణ్ణుంచి యూరప్ వెళ్ళి, ఒక పుస్తకంలో అచ్చయి, ఎన్ని దేశాలు తిరిగిందో గానీ చివరికి మా ఆసుపత్రికే పాఠంగా తిరిగొచ్చింది. ఎస్తేరును రెండో వరసలో కూర్చోబెట్టి ఆ పాఠం ఆమెకే చెప్పారు.

ఆసుపత్రి పంపిన కాగితం మీద రెండు సంతకాలున్నాయి. ఒకటి మా మేనేజరు గ్రాహంది. రెండోది నాది.

ఇది కంప్యూటర్ భద్రత ఉద్యోగాల్లోకి వస్తున్న మన పిల్లల కోసం రాస్తున్నాను. ఇంగ్లండులో రీడింగ్ అనే ఊళ్ళో తెలుగు ఆరాధన అయ్యాక భోజనాల దగ్గర నన్ను పట్టుకుని, "అంకుల్, ఏ సర్టిఫికెట్ చేస్తే మంచిది?" అని అడుగుతుంటారు. సర్టిఫికెట్ల సంగతి నాకు తెలియదు, నాకు ఒక్కటీ లేదు. తెలిసింది చెబుతాను, వినండి.

చదువు సంగతి

నాది చీరాల. పదో తరగతి అవగానే మా మేనమామ రేడియో రిపేరు షాపులో కూర్చున్నాను. మా ఆవిడ కరుణకు ఇంగ్లండులో నర్సు ఉద్యోగం వస్తే ఆమె వెనక వచ్చినవాణ్ణి. ఆమె చేరిన ఆసుపత్రిలోనే నేనూ పోర్టరుగా చేరి స్ట్రెచర్లు తోశాను. తర్వాత టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో కూర్చోబెట్టారు. ఏ పెట్టె కనబడినా మూత తీసి చూడటం రేడియో షాపులో అబ్బిన బుద్ధి. అలా వైర్ల నుంచి నెట్‌వర్కుకి వచ్చాను, నెట్‌వర్కు నుంచి 2008లో భద్రత పనికి వచ్చాను. చదువంతా కౌన్సిల్ లైబ్రరీలోనే. పుస్తకం అర్థం కాకపోతే మళ్ళీ మొదటి పేజీ నుంచి చదివేవాణ్ణి, అడగడానికి మాస్టారు లేడు కాబట్టి. నాకు డిగ్రీ లేదు. డిగ్రీలున్నవాళ్ళు వదిలేసి వెళ్ళినవి ఎత్తిపెట్టే పని మాత్రం పదేళ్ళు నాదే.

ఆసుపత్రి పేరు రాయను. రీడింగ్‌కి కారులో అరగంట అనుకోండి, చాలు.

గ్రాహం గురించి ముందే ఒక మాట. చెడ్డవాడు కాదు. నా పుట్టినరోజు గుర్తుపెట్టుకుని కార్డు ఇచ్చేవాడు. మా ఆవిడకు ఆపరేషన్ అయినప్పుడు అడక్కుండానే సెలవు రాశాడు. చెడ్డ బాసు చెప్పింది చెయ్యనని అనడం తేలిక. మంచివాడు మన భుజం మీద చెయ్యి వేసి, "రాజు, ఇక్కడో సంతకం పెట్టు" అన్నప్పుడే మనిషి ఓడిపోతాడు.

గడువు మీద బతికిన సంస్థ

నేను భద్రత పనిలో చేరేనాటికి గ్రీసు దేశంలో ఒక దీవి మీద యూరప్ దేశాలన్నీ కలిసి పెట్టుకున్న సైబర్ భద్రత సంస్థ ఒకటి ఉంది. ఒక దేశంలో పడ్డ దొంగ రెండో దేశంలో పడేలోపు కబురందాలి, ఒకరికి తెలిసింది అందరికీ తెలియాలి, అదీ ఉద్దేశం. మంచి ఉద్దేశం. ఇవాళ కూడా నేను ఆ మాటే అంటాను. కానీ తెరిచేటప్పుడే దానికి గడువు పెట్టారు. గడువు తీరబోతుందనగా కొన్నేళ్ళు పొడిగించేవారు, మళ్ళీ వాదించుకునేవారు, మళ్ళీ పొడిగించేవారు. మన మునిసిపాలిటీల్లో ఎన్.ఎం.ఆర్. గుమాస్తాలు ఉండేవారే, పదిహేనేళ్ళు పనిచేసినా "ఇంకా పర్మనెంట్ కాలేదండీ" అని దిగులుగా చెప్పేవారు, అలా బతికింది పాపం ఆ సంస్థ. పర్మనెంట్ కాని గుమాస్తా ఎవరినీ గట్టిగా అడగలేడు. అదీ అడగలేదు. దేశాలు రాసి పంపింది తీసుకుని, దులిపి, అచ్చువేసేది.

"అంత దూరాన దీవిలో ఎందుకు పెట్టారంటావు?" అని గ్రాహాన్ని అడిగాను ఒకసారి.

"ఎండ కోసం" అన్నాడు. "ఇంకేం పనుంది వాళ్ళకి?"

పనుంది. ఆ సంస్థ చేసినవాటిలో నాకు బాగా నచ్చింది కసరత్తు. పెద్ద దాడి జరిగినట్టు ఊహించుకుని, దేశాలన్నీ ఒకరికొకరు కబురు పంపుకోవడం ప్రాక్టీసు చెయ్యాలి. దానికి సన్నాహంగా ఒక ఏడాది లండన్‌లో ఒక హాల్లో చిన్న రిహార్సల్ పెట్టారు. గ్రాహం వెళ్ళాలి, సెలవు మీద ఉన్నాడు, నన్ను తోశాడు. హాలునిండా సూట్లు. నేను స్వెట్టరు. అందరికీ ఒక ఫోన్ జాబితా ఇచ్చి, ఫలానా ప్రాంతం ఆసుపత్రులకు కబురు చెప్పండి అన్నారు. ఎదురు బల్ల దగ్గర సూటాయన మా ప్రాంతం నంబరు కొట్టాడు. మోగుతోంది, మోగుతోంది.

"ఎవరూ ఎత్తడం లేదు" అన్నాడు విసుగ్గా.

జాబితా తీసుకుని చూశాను. అది మా పాత ఎక్స్ఛేంజి నంబరు. దాన్ని ఎత్తేసి చాలా ఏళ్ళయింది, ఆ కుర్చీలో చివరగా కూర్చున్నది నేనే.

"ఎత్తడండీ" అన్నాను. "వాడు ఇక్కడున్నాడు."

హాలంతా నవ్వారు. సూటాయన నవ్వలేదు. ఆ సంస్థ తరఫున చూడటానికి వచ్చిన పోర్చుగల్ ఆవిడ ఒకామె ఉంది, తెరెసా అని. కళ్ళజోడు తీసి తుడుచుకునేంతగా నవ్వి, టీ టైములో నా దగ్గరికి వచ్చింది.

"మాకు కావలసింది ఇలాంటి సంగతులే, కానీ మా దాకా రావు" అంది. "మీ దేశం ఏం రాసి పంపితే మేం అదే చదువుతాం. వార్డులోకి వచ్చి ఎవరినీ అడిగే హక్కు మాకు లేదు."

"మరి పంపినవాడు అబద్ధం రాస్తే?"

"అబద్ధం ఎవరూ రాయరు. పొట్టిగా రాస్తారు."

తన చిరునామా చీటీ ఇచ్చి, మా పుస్తకాల్లో తప్పు కనబడితే రాయండి అంది. పర్సులో పెట్టుకుని మరిచిపోయాను.

బిస్కెట్ డబ్బా

ఎస్తేరు నరసాపురం పిల్ల. మా ఆవిడ ద్వారా పరిచయం, తర్వాత మా తెలుగు చర్చిలో పాటల బృందం. ఆడవాళ్ళ సర్జికల్ వార్డులో పనిచేసేది. పొద్దున షిఫ్టు ఏడున్నరకైతే ఏడుంబావుకే వచ్చేది. కోటు విప్పి, మందుల గది తలుపు దగ్గర ఒక నిమిషం కళ్ళు మూసుకుని ప్రార్థన చేసుకుని, కంప్యూటర్లో తన కార్డు పెట్టి, పాస్‌వర్డు కొట్టి తెరిచేది.

ఆ కంప్యూటరు తెరుచుకునేలోపు టీ కాచుకుని తాగి, కప్పు కడిగి పెట్టొచ్చు. ఒక మనిషి కార్డు తీసి ఇంకో మనిషి పెడితే మళ్ళీ అంత సేపూ ఆగాలి. అవతల రోగి నొప్పితో పిలుస్తుంటే ఎవరాగుతారు? అందుకని వార్డులో ఒక పద్ధతి పడిపోయింది. ముందొచ్చినవాళ్ళు కార్డు పెడతారు, షిఫ్టయ్యేదాకా అందరూ దాని మీదే పని కానిస్తారు. ఎవరి కార్డు వాళ్ళే వాడాలని గోడకు నోటీసు అంటించి ఉంది. ఆ నోటీసు కిందే ఆ కంప్యూటరు. ఎస్తేరు రోజూ ముందొచ్చేది కాబట్టి, కంప్యూటరు లెక్కలో ఆ వార్డులో పనిచేసేది దాదాపు ఆమె ఒక్కతే.

ఈ పద్ధతికి ఒక్కటే అడ్డం. ఐదు నిమిషాలు ఎవరూ ముట్టుకోకపోతే దానంతట అదే తాళం పడుతుంది. కార్డు పెట్టిన మనిషి వచ్చి మళ్ళీ పాస్‌వర్డు కొట్టాలి.

2011లో వార్డు సిస్టరు, అంటే అక్కడి హెడ్ నర్సు, మా గదికొచ్చింది. "రాజు, ఆ దిక్కుమాలిన తాళం ఆపెయ్యవా? మా పిల్లలు మనుషుల్ని చూడాలా, దాన్ని చూడాలా?" అంది. అంతకుముందు రోజే నేను ఆ వార్డుకి వెళ్ళి కళ్ళారా చూశాను. ఒక ముసలావిడ బెడ్‌పాన్ కోసం చెయ్యెత్తి ఉంది, ముగ్గురు నర్సులు తెర ముందు నిలబడి ఉన్నారు. పాత యంత్రాలు మార్చమని అప్పటికి నేను రెండుసార్లు రాశాను, రెండుసార్లూ "వచ్చే ఏడాది" అన్నారు. సిస్టరు నా గదిలో ఉండగానే తాళం ఆపేశాను. అరనిమిషం పని. ఏ మార్పు చేసినా రాయాల్సిన రిజిస్టరు ఒకటుంది, అందులో రాయలేదు. రాస్తే గ్రాహం అడుగుతాడు, అడిగితే వద్దంటాడు. మర్నాడు నా బల్ల మీద బిస్కెట్ల డబ్బా ఉంది. వార్డు నర్సులంతా దానితో పెట్టిన గ్రీటింగ్ కార్డు మీద సంతకాలు పెట్టారు, ఎస్తేరు తెలుగులో "థాంక్స్ అంకుల్" అని రాసింది.

పిల్లలూ, దయ చూపించొద్దని నేను చెప్పను. చూపించిన దయను రిజిస్టరులో రాయండి.

మూడు పేజీలు, ఒక గడి

2013లో, చలి తగ్గే రోజుల్లో, ఆ వార్డుకి ఒక మెయిలొచ్చింది. "వచ్చే నెల రోటాలో మార్పులు" అని శీర్షిక. రోటా అంటే ఎవరికి ఏ రోజు ఏ షిఫ్టో రాసే పట్టిక. నర్సును కంగారు పెట్టడానికి ఆ మాటొకటి చాలు, వాడెవడో గానీ ఆ సంగతి వాడికి బాగా తెలుసు. ఎవరో తెరిచారు. గంటలో దానితో వచ్చిన వైరస్ వార్డు ఫైళ్ళన్నిటికీ తాళాలు వేసేసింది. రెండు రోజులు అన్నీ కాగితం మీదే రాశారు. ఇంటికి పంపే కాగితాలు తెరుచుకోక, ఒక ముసలావిడ కోటు తొడుక్కుని, హ్యాండ్‌బ్యాగు ఒళ్ళో పెట్టుకుని రోజంతా మంచం అంచున కూర్చుంది. నాకిప్పటికీ ఆ హ్యాండ్‌బ్యాగు కళ్ళముందు ఉంటుంది.

తెరిచిన సమయం తొమ్మిది నలభై. తెరిచిన కార్డు ఎస్తేరుది.

ఎస్తేరును అడిగాను. "నేను ఎక్స్-రేలో ఉన్నానంకుల్, పేషెంటును దింపడానికెళ్ళాను, లేట్ చేసేశారు అక్కడ" అంది. ఎక్స్-రే గదికి పరిగెత్తాను. రోగిని తెచ్చిన నర్సు సంతకం పెట్టే పుస్తకం ఒకటుంటుంది అక్కడ. తొమ్మిది ముప్పై ఐదుకు లోపలికి, తొమ్మిది యాభై ఐదుకు బయటికి, ఎస్తేరు సంతకం. రోగి పేరు మీద కాగితం ముక్క కప్పి జిరాక్స్ తీశాను.

మూడు పేజీలు రాశాను. యంత్రాలు పాతవి, అందుకని కార్డు పంచుకుంటున్నారు, ఆ సమయానికి ఎస్తేరు వేరేచోట ఉంది, తాళం ఆపింది నేను. గ్రాహం చదివాడు. నెమ్మదిగానే చదివాడు, ఆ మాట చెప్పాలి.

"రాజు, పైకి పంపే ఫారంలో కారణం దగ్గర ఒకటే గడి ఉంది. యంత్ర లోపం, బయటి దాడి, సిబ్బంది పొరపాటు, వీటిలో ఒక్కదానికే టిక్ పెట్టాలి. మూడు పేజీలు ఎక్కడ పెట్టను?"

"ఆమె అక్కడ లేదు గ్రాహం. ఇదిగో సంతకం."

"అయితే ఇంకొకరు. వాళ్ళూ సిబ్బందే కదా? పైగా కార్డు వదిలేసి వెళ్ళడం మాత్రం పొరపాటు కాదా?"

"తాళం పడుంటే కార్డు వదిలినా ఏమీ అయ్యేది కాదు. ఆపింది నేను."

లేచి వెళ్ళి తలుపు మూశాడు. "అది నువ్వు చెప్పలేదు, నేను వినలేదు. రాశావంటే ముందు నీ ఉద్యోగం, వెనకే నాది. తర్వాత ప్రతి వార్డుకీ మళ్ళీ తాళం. నర్సులు నీకు దండ వేస్తారనుకుంటున్నావా? ఆ అమ్మాయికి ఒక చిన్న హెచ్చరిక కాగితం ఇస్తారు, ఏడాదిలో పోతుంది. ఎవరికీ ఏమీ కాదు."

నాకప్పటికి అరవై దగ్గర పడుతున్నాయి. డిగ్రీ లేనివాడికి ఆ వయసులో ఇంకో ఉద్యోగం ఎవరిస్తారని లెక్క వేసుకున్నాను. గడిలో "సిబ్బంది పొరపాటు" దగ్గర టిక్ ఉంది. కింద ఒక వాక్యం, "నర్సు అజాగ్రత్త వల్ల". సంతకం పెట్టాను. మూడు పేజీలు మాత్రం చించలేదు, ఇంటికి తెచ్చుకున్నాను. ఆ రోజు చేసిన ఒకే ఒక్క సరైన పని అది.

ఎవరికీ ఏమీ కాలేదా? ఆ ఏడాదే ఎస్తేరు సీనియర్ నర్సు పోస్టుకు ఇంటర్వ్యూకి వెళ్ళింది. ఫైల్లో హెచ్చరిక ఉంది. పోస్టు ఆమె దగ్గర పని నేర్చుకున్న అమ్మాయికి ఇచ్చారు. తెరిచింది తను కాదని తెలుసు, కార్డు మాత్రం తనదే కాబట్టి ఎస్తేరు ఎవరితోనూ పోట్లాడలేదు. తాళం ఎందుకు పడలేదో ఆమెకు తెలియదు.

ఊరు చిన్నది, మన జనం ఇంకా తక్కువ, కబురు చర్చికి చేరింది. రెండో శనివారం ఆరాధన అయ్యాక హాల్లో ప్లేట్లు పట్టుకుని వరసలో ఉన్నాం. మాలో ఒకాయన, ఐటీ కాంట్రాక్టరు, గట్టిగా అన్నాడు: "ఎస్తేరమ్మా, నేను పాడిన పాట లింకు పంపిస్తున్నా, నొక్కుతావా, భయమా?"

"ఆయ్, మీ పాట వినేకన్నా వైరస్సే నయమండి" అంది ఎస్తేరు.

అందరూ నవ్వారు. చేతిలో ప్లేటుతో నేనూ నవ్వాను. తర్వాత రెండేళ్ళలో ఎన్నిసార్లు వాళ్ళింట్లో చేపల పులుసు తిన్నామో లెక్కలేదు. తాళం మాట మటుకు నా నోట్లోంచి రాలేదు.

రెండో వరస

2015లో సిబ్బంది అందరికీ సైబర్ భద్రత శిక్షణ పెట్టారు. బయటినుంచి ఒక కుర్రాయన వచ్చాడు. మంచి సూటు, మంచి మాట. యూరప్ సంస్థ వేసిన "నేర్చుకున్న పాఠాలు" పుస్తకం నుంచి ఉదాహరణలు తెర మీద వేస్తున్నాడు. నాలుగో ఉదాహరణ దగ్గర నా చేతిలో కాఫీ చల్లబడిపోయింది. "ఒక సభ్యదేశంలోని ఆసుపత్రిలో, రోటా మార్పు పేరుతో వచ్చిన మెయిలును ఒక నర్సు అజాగ్రత్త వల్ల తెరవడంతో" అని ఉంది.

మా వాక్యమే. గ్రాహం రాసి, నేను సంతకం పెట్టిన వాక్యం. తెరెసా చెప్పినట్టు ఎవరూ అబద్ధం రాయలేదు, పొట్టిగా రాశారు. అది అంతకన్నా పొట్టి కావడానికి వీల్లేక అలాగే అచ్చయింది.

హాల్లో ఒక్కొక్క తలా ఎస్తేరు వైపు తిరిగింది. ఆమె చెయ్యెత్తింది.

"ఆ నర్సు ఆ టైములో ఎక్స్-రేలో ఉంది" అంది.

కుర్రాయనకు అర్థం కాలేదు. నవ్వుతూ, "లేదండీ, ఇది మీ ఆసుపత్రి కాదు, యూరప్‌లో ఎక్కడో" అన్నాడు.

"ఎక్కడో కాదు" అంది. కూర్చుంది. కుర్రాయన తర్వాతి స్లైడు వేశాడు.

ముగిశాక కారిడార్లో ఆమెను ఆపాను. అప్పుడు చెప్పాను. తాళం సంగతి, మూడు పేజీల సంగతి, సంతకం సంగతి, అన్నీ. ఆమె ట్రాలీ పట్టుకుని నిలబడి చివరిదాకా వింది.

"అంటే మీకు ముందునించీ తెలుసన్నమాట."

"తెలుసమ్మా."

"ఆ కాంట్రాక్టరుగారు నన్ను ఎగతాళి చేసినప్పుడు పక్కనే ఉన్నారు కదంకుల్ మీరు?"

"ఉన్నాను."

"మరి నవ్వేరేంటండి?"

 ఆమె ట్రాలీ తోసుకుంటూ వెళ్ళిపోయింది. ఇంట్లో కరుణకు చెబితే, "సంతకం పెట్టిన చేత్తోనే ఆ పిల్ల ఇంట్లో పులుసన్నం కలుపుకున్నారా?" అంది.  మరుసటి ఏడాది ఎస్తేరు, వాళ్ళాయన ఎడిన్‌బర్గ్ వెళ్ళిపోయారు. అక్కడ ఇంకో ఆసుపత్రి. కరుణతో అప్పుడప్పుడు ఫోన్లో మాట్లాడేది. నన్ను అడిగేది కాదు.

ఉత్తరాలు

ఆ శిక్షణ జరిగిన వారంలోనే ఆసుపత్రికి రాశాను. తాళం ఆపింది నేను, రిజిస్టరులో రాయనిది నేను, ఎస్తేరు మీద హెచ్చరిక తీసేయండి, నా మీద వేయండి అని. జవాబుగా "మీ ఉత్తరం అందింది" అని వచ్చింది. ఆరు నెలలకు మళ్ళీ రాశాను, "పరిశీలనలో ఉంది" అని వచ్చింది. మూడోసారి రాస్తే, సంబంధిత అధికారి మారారని వచ్చింది. నా మీద చర్య తీసుకోవడానికి కూడా వాళ్ళకు తీరిక లేదు! తప్పు ఒప్పుకున్నవాణ్ణి ఏ బల్ల దగ్గరకు పంపాలో తెలియని కార్యాలయాన్ని నేను అక్కడే చూశాను.

2016లో దేశం యూరప్ నుంచి బయటికి పోవాలని ఓటు వేశాక గ్రాహం నా దగ్గరకొచ్చి, స్నేహంగానే, "ఇక వదిలెయ్ రాజు. ఆ పుస్తకం వాళ్ళది. మనం బయటికొచ్చేస్తున్నాం" అన్నాడు.

"మనం బయటికొస్తే ఆ వాక్యం కూడా మనతో బయటికొస్తుందా?" అన్నాను.

2017లో వైరస్ వల్ల దేశంలో చాలా ఆసుపత్రుల కంప్యూటర్లకు ఒకేసారి తాళాలు పడ్డ వారం, పాత యంత్రాల గురించి ఎవరు ముందే చెప్పారని పైనుంచి అడిగారు. గ్రాహం పరిగెత్తుకుంటూ వచ్చాడు. "నువ్వు అప్పుడు రాసిన మూడు పేజీలు ఉన్నాయా?" ఉన్నాయి. మొదటి రెండు పేజీలు జిరాక్స్ తీసుకుని, ఎస్తేరు సంగతి, తాళం సంగతి ఉన్న మూడో పేజీ నా చేతిలో పెట్టి వెళ్ళాడు. ఆ రెండు పేజీలకు ఆసుపత్రి మెచ్చుకోలు కూడా వచ్చింది. ఎవరికి వచ్చిందో మీరు ఊహించగలరు.

నేను 2018లో రిటైరయ్యాను. మరుసటి ఏడాది ఆ యూరప్ సంస్థను గడువు లేకుండా శాశ్వతం చేశారని చదివాను. మా దేశం గుమ్మం దాటబోతుంటే అది పర్మనెంట్ అయింది! పాత పర్సు వెతికితే తెరెసా చీటీ దొరికింది. సంస్థ దీవి వదిలి ఏథెన్సుకు మారిందట, చీటీ మీద చిరునామా పాతది. అయినా రాశాను, మూడు పేజీలూ, సంతకం జిరాక్సూ పెట్టి. "మీరు వార్డులోకి వచ్చి అడగలేరన్నారు. వార్డే మీ దగ్గరకొచ్చింది, చూడండి" అని.

నెల తిరగకుండా జవాబు వచ్చింది. ఉత్తరం రెండు చేతులు మారి ఆమెకు అందిందట. "మీ ఆసుపత్రి పంపిన నివేదికను మేం మార్చలేం. మా పుస్తకంలో మా వాక్యాన్ని మార్చగలం" అని రాసి, కొత్త పేజీ జతచేసింది. "ఒక నర్సు అజాగ్రత్త వల్ల" పోయింది. దాని చోట, "యంత్రాలు ఆలస్యంగా తెరుచుకోవడం వల్ల సిబ్బంది ఒకే కార్డును పంచుకునేవారు; దానికి వీలుగా సాంకేతిక సిబ్బంది ఆటోమేటిక్ తాళాన్ని ఆపారు; కార్డు యజమాని ఆ సమయంలో అక్కడ లేరు" అని వచ్చింది. ఎవరో నా వేలు పట్టుకుని నా చేతే రాయించినట్టుంది. నాకు అవమానం అనిపించలేదు. నిద్ర పట్టింది.

ఆ పేజీ పెట్టి ఆసుపత్రికి చివరిసారి రాశాను. ఈసారి వెంటనే జవాబు వచ్చింది. "సదరు హెచ్చరిక కాలపరిమితి పన్నెండు నెలలు. పరిమితి తీరిన కాగితాలను మేము ఉంచము. లేని కాగితాన్ని సవరించడం సాధ్యం కాదు. మీరు మీ గురించి రాసిన ఉత్తరాలను మాత్రం నిబంధనల ప్రకారం భద్రపరచాము."

ఎస్తేరుకు పోస్టు ఇవ్వకుండా ఆపడానికి ఉన్న కాగితం, సరిచేద్దామంటే లేదు. ఇది ఎక్కడి న్యాయమో చెప్పండి.

అన్నీ ఒక కవర్లో పెట్టాను. మూడు పేజీలు, జిరాక్సు, తెరెసా పంపిన పేజీ, ఆసుపత్రి జవాబు. పైన నేను రాసింది ఒక్క లైను: "అమ్మా, నువ్వు క్షమిస్తావని కాదు, నీకు చెందిందని పంపుతున్నాను." ఎడిన్‌బర్గ్ పంపాను. నెలయింది, రెండు నెలలయింది. కరుణను అడిగితే, "నన్నడక్కండి" అంది.

మొన్న ఆదివారం వచ్చింది జవాబు, నాకు కాదు, కరుణ ఫోన్‌కి. ఉన్నది ఉన్నట్టు దించుతున్నాను:

"ఆంటీ వందనాలు. ఇది అంకుల్‌కి చదివి వినిపించండి. అంకుల్, కవరు అందింది. అన్నీ చదివేను, మా ఆయనకి కూడా చూపించేను. మీరు ఆ రోజే సంతకం పెట్టకుండా ఉంటే ఇన్ని స్టాంపులు అయ్యేవి కాదు కదండి. ఇక్కడ మా వార్డులో కూడా కంప్యూటర్ లేటే, ఇక్కడ కూడా ముందొచ్చినవాళ్ళ కార్డే. అందుకని నేను ఏడున్నర షిఫ్టుకి ఏడున్నరకే వెళ్తున్నాను, ముందెళ్ళడం మానేసి మూడేళ్ళయ్యింది. ప్రార్థన బస్సులో చేసుకుంటున్నాను."